వడ్డీ రేట్లు మారుతున్నప్పుడు ఇల్లు ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి: ఓరుగల్లు కుటుంబాలకు ఒక పద్ధతి

రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తాను ఇచ్చే అప్పుపై వేసే వడ్డీని) మార్చినట్టు వార్త వచ్చిన ప్రతిసారీ హన్మకొండలోనూ, కాజీపేటలోనూ, వరంగల్‌లోనూ ఇల్లు కొనాలనుకుంటున్న కుటుంబాల్లో ఒకే చర్చ మొదలవుతుంది. ఇప్పుడే కొనాలా, వడ్డీ ఇంకా తగ్గేదాకా ఆగాలా? అమ్మాలనుకునేవారి ఇంట్లో ఇదే ప్రశ్న తలకిందులుగా వినిపిస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు వెతికే ముందు ఒక విషయాన్ని స్థిరంగా మనసులో పెట్టుకోవాలి. ఇల్లు కొనేటప్పుడు మీరు తీసుకునే నిర్ణయాలన్నింటిలోనూ తర్వాత మార్చుకోగలిగేది వడ్డీ రేటు ఒక్కటే. చెల్లించిన ధరను మార్చుకోలేరు, కొన్న స్థలాన్ని మార్చుకోలేరు, పత్రాల్లోని లోపాన్ని మార్చుకోవడం చాలాసార్లు కోర్టు దాకా వెళ్తుంది. అందువల్ల వడ్డీ రేటును చూసి ఎంత అప్పు చేయాలో నిర్ణయించుకోవాలి గాని, ఎప్పుడు కొనాలో కాదు. కింద చెప్పిన వరుసలో లెక్కలు వేసుకుంటే మీ ఇంటి పరిస్థితికి తగిన జవాబు మీకే దొరుకుతుంది.

మొదట, మీ రుణం దేనికి ముడిపడి ఉంటుందో తెలుసుకోండి

2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు వ్యక్తులకు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) గృహరుణాలను బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఎక్కువ బ్యాంకులు ఇందుకు రెపో రేటునే ఎంచుకున్నాయి. రెపోకు పైన బ్యాంకు కొంత కలుపుతుంది, దానిని స్ప్రెడ్ అంటారు. రెపో మారితే కనీసం 3 నెలలకు ఒకసారైనా మీ రేటు సవరించబడుతుంది. అంతకుముందు తీసుకున్న రుణాలు ఎంసీఎల్ఆర్‌కు గాని, ఇంకా పాతవైతే బేస్ రేటుకు గాని ముడిపడి ఉండవచ్చు, ఇవి బ్యాంకు తానే లెక్కించుకునే రేట్లు. వాటిలో మార్పు ఆలస్యంగా వస్తుంది. గృహరుణ సంస్థలు, ఇతర ఫైనాన్సు కంపెనీలు తమ సొంత ప్రామాణిక రేటును వాడతాయి కనుక రెపో తగ్గిన మాట నిజమే అయినా మీ కిస్తీ తగ్గుతుందన్న హామీ వాటి దగ్గర ఉండదు.

కాబట్టి శాంక్షన్ లెటర్ చేతికి రాగానే మొదటి పేజీలో కనిపించే వడ్డీ శాతాన్ని చూసి ఊరుకోకుండా, ప్రామాణిక రేటు ఏది, స్ప్రెడ్ ఎంత, ఎన్ని నెలలకోసారి సవరణ జరుగుతుంది అన్న మూడు వివరాలను వెతికి పెన్నుతో గీత గీసి పెట్టుకోండి. రెపో తగ్గినా కొత్త రుణగ్రహీతలకు స్ప్రెడ్ పెంచే వెసులుబాటు బ్యాంకుకు ఉంటుంది. అందుచేత రెండు బ్యాంకులను పోల్చేటప్పుడు మొత్తం రేటుతోపాటు స్ప్రెడ్‌ను కూడా పోల్చాలి. సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన తీరును బట్టి ఇచ్చే మార్కు) బాగా ఉన్నవారికి స్ప్రెడ్ తక్కువగా దొరుకుతుంది, స్కోరు చెడనంతవరకు ఆ మేలు సాధారణంగా మీతోనే ఉంటుంది.

రేట్లు ఎంత వేగంగా మారతాయో ఈ మధ్య చరిత్రే చెబుతుంది. 2020 మే నుంచి రెండేళ్లు రెపో 4 శాతం దగ్గర నిలిచింది. 2022 మేలో పెంపు మొదలై 2023 ఫిబ్రవరి నాటికి 6.50 శాతానికి చేరింది. అక్కడే రెండేళ్లు ఆగి, 2025 ఫిబ్రవరి నుంచి విడతలవారీగా తగ్గుతూ అదే ఏడాది డిసెంబరులో 5.25 శాతానికి వచ్చింది. 20 ఏళ్ల రుణం తీసుకునేవారు ఇలాంటి ఎత్తుపల్లాలను ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు చూడవలసి వస్తుంది. ఈ రోజు రేటు మీ జీవితకాలపు రేటు అనుకోవడం ఎంత పొరపాటో, తగ్గిన రేటు తగ్గుతూనే ఉంటుందనుకోవడం అంతే పొరపాటు.

ఆ తర్వాత, కిస్తీని మూడు రేట్ల దగ్గర లెక్కించండి

20 ఏళ్ల గడువుకు లక్ష రూపాయల రుణంపై నెల కిస్తీ 7.5 శాతం దగ్గర సుమారు 806 రూపాయలు, 8 శాతం దగ్గర 836, 8.5 శాతం దగ్గర 868, 9.5 శాతం దగ్గర 932, 10.5 శాతం దగ్గర 998 ఉంటుంది. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసుకుని మీరు తీసుకోబోయే లక్షలతో గుణించుకోండి. ఉదాహరణకు 33 లక్షల రుణం 8.5 శాతం దగ్గర తీసుకుంటే కిస్తీ సుమారు 28,600 రూపాయలు అవుతుంది. అదే రుణం అర శాతం తగ్గితే 27,600 దగ్గర ఉంటుంది, 2 శాతం పెరిగితే 32,900 దాటుతుంది. ఈ చివరి అంకెను చూసి మీరు నిశ్చింతగా ఉండగలిగితేనే ఆ రుణం మీ తాహతులో ఉన్నట్టు. ఈ రోజు కిస్తీ మోయగలను కదా అన్న ధైర్యం చాలదు.

ఈ పరీక్ష ఎందుకు అవసరమో 2022లో రుణం తీసుకున్నవారికి బాగా తెలుసు. ఆ ఏడాది మొదట్లో 6.75 శాతానికి 20 ఏళ్ల గడువుతో 30 లక్షలు తీసుకున్న వ్యక్తి కిస్తీ 22,800 రూపాయల దగ్గర ఉండేది. రేటు రెండున్నర శాతం పెరిగి 9.25 అయినప్పుడు 30 లక్షల మీద నెల వడ్డీయే 23,125 రూపాయలు. ఈలోగా అసలు కొద్దిగా తగ్గింది కనుక పాత కిస్తీ వడ్డీకి బొటాబొటిగా సరిపోయే స్థితి ఏర్పడింది, అసలు దాదాపు కదలలేదు. బ్యాంకులు సాధారణంగా కిస్తీ పెంచకుండా గడువు పెంచుతూ పోతాయి, మన ఖాతాలోంచి వెళ్లే మొత్తం మారదు కనుక మనకు ఏమీ తెలియదు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం రేటు సవరించినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంత పెంచాలా అన్నది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలి. ఆ అవకాశాన్ని అడిగి తీసుకోండి. వీలైతే కిస్తీనే పెంచుకోండి, గడువు పెంచుకోవడాన్ని కష్టకాలానికి దాచుకోండి.

మీరు ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటే ఇంకో చిన్న పరీక్ష కూడా చేయవచ్చు. రాబోయే కిస్తీకి, ఇప్పటి అద్దెకు మధ్య ఉన్న తేడాను ఆరు నెలలపాటు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 11,000 అద్దె ఇస్తూ 28,600 కిస్తీకి సిద్ధపడే కుటుంబం నెలకు 17,600 పక్కన పెట్టగలగాలి. బడి ఫీజుల నెలలోనూ, దసరా నెలలోనూ అది ఆగకుండా సాగితే మీరు కొనడానికి సిద్ధంగా ఉన్నారు, పైగా లక్ష రూపాయలకు పైగా చేతిలో చేరుతుంది. మధ్యలో ఆగిపోతే రుణం మొత్తాన్ని తగ్గించుకోవాలి.

బ్యాంకు ఇవ్వని డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి

నా అభిప్రాయంలో మన ప్రాంతంలో కుటుంబాలను దెబ్బతీసేది బ్యాంకు వడ్డీ కాదు, బ్యాంకు ఇవ్వని భాగం కోసం బయట చేసే అప్పు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య రుణమైతే 80 శాతం దాకా, అంతకుమించితే 75 శాతం దాకా మాత్రమే బ్యాంకు ఇవ్వవచ్చు. ఇది గరిష్ఠ పరిమితి, బ్యాంకు తన వాల్యుయేషన్‌ను బట్టి అంతకంటే తక్కువే ఇవ్వవచ్చు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో సాధారణంగా కలపరు.

తెలంగాణలో 2021 జూలై నుంచి అమ్మకపు దస్తావేజు మీద స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం కలిపి 7.5 శాతం పడుతోంది. 45 లక్షలకు దస్తావేజు రాసుకుంటే ఇది 3,37,500 రూపాయలు. ఆ ఇంటికి 33 లక్షల రుణం దొరికితే మిగిలిన 12 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి 15 లక్షలకు పైగా మీ చేతిలో ఉండాలి. లీగల్ ఒపీనియన్, ప్రాసెసింగ్ ఫీజు, మధ్యవర్తి కమీషన్, గృహప్రవేశం ఖర్చు వేరు. ఇంకా కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొంటే 5 శాతం, సరసమైన గృహాల పరిధిలోకి వస్తే 1 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి జీఎస్టీ ఉండదు.

ఇక్కడే చాలామంది నాలుగు లక్షలు తక్కువ పడ్డాయని తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు రేటును కూడా ఇదే భాషలోకి మార్చి చూడండి: 8.4 శాతమంటే నూటికి నెలకు 70 పైసలు. ఆ నాలుగు లక్షల మీద నెల వడ్డీ 8,000 రూపాయలు. రెపో అర శాతం తగ్గాలని మీరు ఆరు నెలలు ఎదురుచూస్తే 33 లక్షల రుణంపై నెలకు మిగిలేది సుమారు వెయ్యి రూపాయలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఎదురుచూపు దేనికోసం ఉండాలో స్పష్టంగా తెలుస్తుంది. వడ్డీ తగ్గడం కోసం ఆగనక్కరలేదు, ఆ నాలుగు లక్షలు కూడబెట్టుకోవడం కోసం తప్పకుండా ఆగాలి. నడుస్తున్న చిట్టీ ఉంటే అది ఎత్తుకునే నెలను బట్టి కొనుగోలు నెలను నిర్ణయించుకోవడం మంచిదే, కాని పెద్ద తోపుకు (ఎక్కువ మొత్తం వదులుకుని) పాడి ఎత్తితే ఆ నష్టాన్ని కూడా ఇంటి ఖర్చులో కలిపి లెక్కించండి.

ఆగితే ఏమవుతుందో లెక్క వేయండి

పై ఇంటినే తీసుకుందాం. ఈ రోజు ధర 45 లక్షలు, రేటు 8.5 శాతం, రుణం 33 లక్షలు, కిస్తీ సుమారు 28,600. మీరు ఏడాది ఆగారు, రేటు 8 శాతానికి తగ్గింది, కాని ఇంటి ధర 48 లక్షలు అయింది. మీ సొంత డబ్బు అప్పటికీ 12 లక్షలే అయితే రుణం 36 లక్షలు అవుతుంది, కిస్తీ 30,100 అవుతుంది. తగ్గిన రేటు కోసం ఆగి ఎక్కువ కిస్తీ కట్టవలసి వచ్చింది. పోయిన ఏడాదే కొన్నవారి రుణం ఫ్లోటింగ్ కనుక వారి రేటు కూడా 8కి వచ్చి కిస్తీ 27,600కి దిగింది. ధర కదలకుండా ఉంటే, ఆగిన ఏడాదిలో ఇచ్చిన అద్దె కిస్తీ కంటే తక్కువ కనుక, ఆగినవారికే లాభం. అంటే మీరు నిజంగా అంచనా వేయవలసింది రిజర్వు బ్యాంకు తర్వాతి నిర్ణయాన్ని కాదు, మీరు చూస్తున్న కాలనీలో ధర కదలికను.

ఆ కదలికను ప్రకటనలను బట్టి కాక జరిగిన రిజిస్ట్రేషన్లను బట్టి తెలుసుకోండి. అదే వీధిలో గత ఏడాదిలో అమ్ముడైన రెండు మూడు ఇళ్ల యజమానులతో మాట్లాడండి, అమ్మకానికి పెట్టి ఆరేడు నెలలుగా అలాగే ఉన్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. మన దగ్గర ధరలను వడ్డీ రేటు కంటే వార్తలే ఎక్కువగా కదిలిస్తాయి. మామునూరు విమానాశ్రయం, కాజీపేట రైల్వే తయారీ యూనిట్, గీసుగొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కు, ఔటర్ రింగ్ రోడ్డు వంటి పేర్లు చెప్పి గజం ధర పెంచడం అందరూ చూస్తున్నదే. ఆ ప్రాజెక్టులు నిజమైనవే అయినా వాటి ఫలం అద్దె రూపంలో మీకు అందడానికి ఏళ్లు పట్టవచ్చు, కిస్తీ మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది. నివాసానికి కొనేవారు ఈ రోజు ఉన్న రోడ్డును, ఈ రోజు వస్తున్న నీటిని, ఈ రోజు ఉన్న బడిని చూసి ధర కట్టాలి.

ఎన్నేళ్లు ఉంటారన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కొన్నప్పుడు 7.5 శాతం, కమీషన్లు, అమ్మేటప్పుడు పన్ను, ఇవన్నీ పోను మిగలాలంటే రెండు మూడేళ్ల నివాసం సరిపోదు. బదిలీలు ఉండే ఉద్యోగమైనా, పిల్లల చదువు కోసం త్వరలో హైదరాబాద్ వెళ్లే ఆలోచన ఉన్నా వడ్డీ ఎంత తక్కువగా ఉన్నా సరే అద్దె ఇల్లే మేలు. ఏడెనిమిదేళ్లు కదలమని తెలిసినవారికి అర శాతం వడ్డీ పెద్ద విషయం కాదు.

బ్యాంకు ఒప్పుకునే ఇల్లేనా అని తేల్చుకోండి

రేటు ఎంత తగ్గినా బ్యాంకు రుణం ఇవ్వని ఇంటికి ఆ తగ్గింపుతో పని లేదు. నగరంలో కలిసిన గ్రామాల్లోనూ, హసన్‌పర్తి, ధర్మసాగర్, ఐనవోలు వైపు శివార్లలోనూ పాత పంచాయతీ లేఅవుట్ల స్థలాలు చాలా ఉన్నాయి. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం గాని, ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద క్రమబద్ధీకరణ గాని, కార్పొరేషన్ ఇచ్చిన నిర్మాణ అనుమతి గాని లేకపోతే బ్యాంకు న్యాయవాది దగ్గరే ఫైలు ఆగిపోతుంది. కనుక బయానా ఇవ్వడానికి ముందే ఈ పని చేయండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీసి, కనీసం 30 ఏళ్ల లావాదేవీలను లింకు డాక్యుమెంట్లతో (పాత దస్తావేజులతో) వరుసగా సరిపోల్చండి. ఈసీలో ఒక్కో పేరా చదువుతూ రాసిచ్చినవారి పేరు ముందు దస్తావేజులో తీసుకున్నవారి పేరేనా, సర్వే నంబరు, హద్దులు, గజాలు ఒకేలా ఉన్నాయా అని చూడండి. తూర్పు హద్దులో ఒక దస్తావేజులో 30 అడుగుల రోడ్డు, మరో దస్తావేజులో పక్కవారి ప్లాటు కనిపిస్తే అక్కడే ఆగి కారణం అడగాలి. ఆ ఆస్తి రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఎ నిషేధిత జాబితాలో లేదని, శిఖం (చెరువు అడుగు) భూమి గాని చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పటి నీటి మట్టం) పరిధి గాని కాదని నిర్ధారించుకోండి.

వాన నీటి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2023 జూలై వరదల్లో హంటర్ రోడ్డు పరిసర కాలనీలు, బొందివాగు చుట్టుపక్కల ఇళ్లు నీట మునిగాయి. అలాంటి చోట ధర తక్కువగా చెబితే దాన్ని వడ్డీ ఆదాతో కలిపి మంచి బేరం అనుకోకండి. ఎదురింటివారిని, కిరాణా కొట్టువారిని నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని అడగండి, ప్రహరీ గోడ మీద చారను మీ కళ్లతో చూడండి. మీరు అమ్మే రోజున వచ్చే కొనుగోలుదారు కూడా అదే చారను చూస్తాడు.

రుణ మంజూరును బేరానికి ముందే తెచ్చుకోవడం మంచిది. మీ ఆదాయాన్ని బట్టి బ్యాంకు ముందుగా ఇచ్చే మంజూరు కొన్ని నెలలు చెల్లుతుంది. దాన్ని చేతిలో పెట్టుకుని మాట్లాడే కొనుగోలుదారుకు అమ్మేవారు విలువ ఇస్తారు. ఆషాఢం, పుష్యం వంటి శూన్యమాసాల్లోనూ, మూఢంలోనూ ఇల్లు చూడటానికి వచ్చేవారు తగ్గుతారు కనుక అవసరం ఉన్న యజమాని అప్పుడే ధర దిగుతాడు. ముహూర్తం పట్టింపు ఉన్నవారు కూడా ఆ నెలలో పత్రాలు పరిశీలించి, బేరం తేల్చుకుని, అగ్రిమెంట్, రిజిస్ట్రేషన్ తర్వాతి మాసానికి పెట్టుకోవచ్చు.

అమ్మేవారు చూడవలసినవి

అమ్మేవారి లెక్క ఇలా ఉంటుంది. నెలకు 25,000 కిస్తీ కట్టగల కుటుంబానికి 9 శాతం దగ్గర 20 ఏళ్ల గడువుకు సుమారు 27.8 లక్షల రుణం వస్తుంది, 8 శాతం దగ్గర దాదాపు 29.9 లక్షలు వస్తుంది. ఒక శాతం తగ్గితే మీ ఇంటిని కొనగలిగేవారి చేతిలో రెండు లక్షలు చేరతాయన్నమాట. ఆ ప్రభావం వార్త వచ్చిన వారంలో కనిపించదు. బ్యాంకులు రేట్లు సవరించి, ఉద్యోగులు మంజూరులు తెచ్చుకునే సరికి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి తగ్గింపు వరుస మొదలైందని తెలియగానే అమ్మకానికి పత్రాలు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టండి: మ్యుటేషన్ (రికార్డుల్లో యజమాని పేరు మార్పు), తాజా ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు పేరు మార్పు, లింకు డాక్యుమెంట్ల ప్రతులు, నిర్మాణ అనుమతి ప్లాను. ఎల్ఆర్ఎస్ పెండింగ్‌లో ఉంటే ముందు దాన్ని పూర్తి చేయండి. బ్యాంకు రుణం రాని ఇంటికి మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వగలవారే కొనుగోలుదారులు, వారు తక్కువమంది, ధర కూడా తగ్గించే అడుగుతారు.

మీ ఇంటికి ఎలాంటివారు వస్తారో కూడా ఆలోచించండి. ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, ఆసుపత్రి సిబ్బంది వంటివారు రుణంతో కొంటారు, వారిపై రేటు ప్రభావం ఎక్కువ. సింగరేణి నుంచి పదవీ విరమణ పొంది హన్మకొండలో స్థిరపడాలనుకునేవారు చేతి డబ్బుతో కొంటారు. వారికి గృహరుణ రేటుతో పని లేదు గాని, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ తగ్గినప్పుడు ఇంటి వైపు చూస్తారు. మెట్లు తక్కువగా ఉండే కింది అంతస్తు ఇల్లు మీకుంటే వారికోసమే ప్రయత్నించండి.

రేట్లు పెరుగుతున్న కాలంలో అవసరం లేకపోతే అమ్మకాన్ని వాయిదా వేసి అద్దెకు ఇవ్వడం మంచిది. అవసరం ఉన్నవారు మాత్రం ఆలస్యం చేయకూడదు. కిస్తీ 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా మొండి బకాయిగా మారుతుంది, ఆ తర్వాత బ్యాంకు సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తితో బకాయి వసూలు చేసుకునే చట్టం) కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. వేలంలో వచ్చే ధర కంటే మీరే అమ్ముకుంటే వచ్చే ధర సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. రెండు కిస్తీలు తప్పే పరిస్థితి కనిపించగానే బ్యాంకుతో మాట్లాడి, గడువు పెంచినా మోయలేమని తేలితే ఇల్లు మీ చేతిలో ఉండగానే అమ్మేయండి. ఇందులో పరువు తక్కువ ఏమీ లేదు.

ఒకటి అమ్మి మరొకటి కొనేవారికి రేటు గురించి ఆందోళన అసలే అక్కరలేదు. రేట్లు ఎక్కువగా ఉంటే మీ ఇంటికి తక్కువ వస్తుంది, కొనే ఇంటికి కూడా తక్కువే పడుతుంది. వారు జాగ్రత్తపడవలసింది రెండు లావాదేవీల మధ్య వ్యవధి విషయంలో. పాత ఇంటి సొమ్ము పూర్తిగా రాకముందే కొత్త ఇంటికి పెద్ద బయానా ఇచ్చి, గడువు తప్పితే ఆ బయానా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. కొత్త అగ్రిమెంటు గడువును పాత ఇంటి రిజిస్ట్రేషన్ తేదీ తర్వాత కనీసం రెండు నెలలకు రాయించుకోండి.

ఇప్పటికే రుణం ఉన్నవారు

మీ రేటును అదే బ్యాంకు ఈ రోజు కొత్తవారికి ఇస్తున్న రేటుతో పోల్చండి. తేడా అర శాతం కంటే ఎక్కువ ఉంటే రాతపూర్వకంగా తగ్గింపు అడగండి, కొద్ది రుసుముతో మార్చే వీలు చాలా బ్యాంకుల్లో ఉంది. వినకపోతే మరో బ్యాంకుకు మార్చుకోవచ్చు. 15 ఏళ్లు మిగిలిన 25 లక్షల బకాయిపై 9.25 నుంచి 8.25కి మారితే నెలకు సుమారు 1,480 రూపాయలు తగ్గుతుంది. మార్పు ఖర్చు 25,000 అయితే 17 నెలల్లో రాబట్టుకోవచ్చు. చివరి నాలుగైదేళ్లలో ఉన్న రుణానికి ఇది సాధారణంగా గిట్టదు. వ్యక్తుల ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు బ్యాంకు జరిమానా వసూలు చేయకూడదు కనుక పీఆర్సీ బకాయి గాని, పంట డబ్బు గాని చేతికి వచ్చినప్పుడు అసలులో కట్టండి.

అమ్మకం సొమ్ము, పన్ను, పత్రాలు

దస్తావేజులో తక్కువ విలువ రాయించి మిగిలినది నగదుగా ఇచ్చుకునే అలవాటు ఇద్దరికీ నష్టమే. కొనేవారికి రుణం తగ్గుతుంది, రేపు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడవచ్చు. విలువ 50 లక్షలు, అంతకు మించితే కొనుగోలుదారు 1 శాతం పన్ను మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు చెల్లించాలి.

24 నెలలకు మించి ఉంచుకున్న ఇంటిని అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక లాభం. 2024 జూలై 23 నుంచి దీనిపై పన్ను 12.5 శాతం, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేదు. అయితే ఆ తేదీకి ముందు కొన్న ఇల్లయితే భారత్‌లో నివాసులైన వ్యక్తులు, అవిభక్త హిందూ కుటుంబాలు సర్దుబాటుతో 20 శాతం లెక్కను ఎంచుకోవచ్చు. 2012-13లో 20 లక్షలకు కొన్న ఇంటిని 2025-26లో 50 లక్షలకు అమ్మారనుకుందాం. మొదటి పద్ధతిలో 30 లక్షల లాభంపై పన్ను 3.75 లక్షలు. రెండో పద్ధతిలో సూచీ 200 నుంచి 376కి పెరిగింది కనుక కొన్న ధర 37.6 లక్షలుగా లెక్కకు వచ్చి, 12.4 లక్షల లాభంపై పన్ను 2.48 లక్షలే అవుతుంది. సెస్సు అదనం. ధర వేగంగా పెరిగిన ప్లాట్లలో మొదటి పద్ధతే మేలు కావచ్చు కనుక రెండూ వేసి చూడండి. అమ్మడానికి ముందు ఏడాదిలో గాని, తర్వాత రెండేళ్లలో గాని మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకు మినహాయింపు ఉంటుంది. రిటర్ను దాఖలు గడువులోపు ఇల్లు కుదరకపోతే ఆ సొమ్మును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో జమ చేయాలి, మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే మినహాయింపు దక్కదు.

రుణం ఉన్న ఇంటిని అమ్మితే కొనుగోలుదారు బ్యాంకు మీ బ్యాంకుకు నేరుగా బకాయి చెల్లిస్తుంది. దానికోసం మీ బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (రుణం పూర్తిగా తీర్చడానికి కట్టవలసిన మొత్తం తెలిపే లేఖ), దాని దగ్గర ఉన్న అసలు దస్తావేజుల జాబితా ముందే తీసుకోండి. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు పత్రాలను తిరిగి ఇవ్వాలని, తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది. పత్రాలు చేతికి వచ్చిన రోజు బ్యాంకు కౌంటరు దగ్గరే జాబితాతో ఒక్కొక్కటి సరిచూసుకుని, తనఖా విడుదలైనట్టు నమోదు చేయించి, అది ఈసీలో కనిపించేదాకా ఆ ఫైలును మూసివేయకండి.